ఇస్సాకు ఎక్కడ నుండెను?

ధ్యాన వాక్యభాగము: ఆదికాండము 25:19–28



పరిశుద్ధ గ్రంథములో కవలల కానుపును గూర్చి వివరముగా వ్రాయబడిన చోట్లు రెండే. రెండును ఆదికాండములోనే యున్నవి. మొదటిది రిబ్కా కనిన ఏశావు యాకోబులది. రెండవది 38వ అధ్యాయములో తామారు కనిన పెరెసు జెరహులది. క్రొత్త నిబంధనలో అపొస్తలుడైన తోమాకు దిదుమ అను మారుపేరు కలదు. గ్రీకు భాషలో ఆ మాటకు కవలవాడనియే అర్థము. అయితే ఆయనతోకూడ పుట్టినవారెవరో ఎక్కడను వ్రాయబడలేదు. ఈ నెల మన ధ్యానము రిబ్కా కానుపును గూర్చి. దానిలోను తల్లిని గూర్చి కంటె తండ్రిని గూర్చి ఎక్కువగా తలంచెదము.

ఈ భాగము మీదనే నేనొక ఆదివారమున ప్రసంగము చేసి, ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక తలవంచుకొంటిని. ఆ సంగతి చెప్పుటకు ముందు వాక్యములోని లెక్కలు కొంచెము చూతము.

ఇస్సాకు రిబ్కాను పెండ్లాడినప్పుడు అతనికి 40 సంవత్సరములు. కవలలు పుట్టినప్పుడు 60. అనగా 20 సంవత్సరములు ఆ యింట ఊయెల కట్టలేదు. ఆ కాలము ఎంత పొడవో బిడ్డలులేని దంపతులకే తెలియును. పెండ్లికి పోయినను, బాప్తిస్మపు విందుకు పోయినను ఎవరో ఒకరు "ఏమన్నా విశేషమా?" అని అడుగుదురు. అడిగినవారు మరచిపోవుదురు, విన్నవారు మరువరు. ఇట్టి స్థితిలో తన తండ్రి హాగరును చేరదీసినట్లు ఇస్సాకు మరియొక స్త్రీని చేరదీయలేదు. తన భార్య కొరకు దేవుని బతిమాలుకొనెను. ఇది చిన్న సంగతి కాదు.

రిబ్కా సంగతి చూడుడి. ఆమె కాపురమునకు వచ్చునప్పటికి అత్తయైన శారా చనిపోయి మూడేండ్లాయెను. పుట్టిల్లు అరామ్నహరాయిములో, ఒంటెలమీద బహు దినముల ప్రయాణము. మామయైన అబ్రాహాము సజీవుడే. మనుమలు పుట్టునప్పటికి ఆయనకు 160 సంవత్సరములు, వారికి 15 సంవత్సరములు వచ్చువరకు బ్రదికెను. అయితే కడుపులోని బాధను కోడలు మామతో ఏమి చెప్పుకొనును? పుట్టింటినుండి ఆమెతో వచ్చిన దాది యొకతె యుండెను. ఆమె పేరు దెబోరా అని పది అధ్యాయముల తరువాత, ఆమెను పాతిపెట్టిన చోట గాని మనకు తెలియదు. ఆ కానుపులో ఆ ముసలి దాది ఎంత పాటుపడెనో పరలోకములోనే విందుము.

ఇక నా సంగతి చెప్పెదను.

2018వ సంవత్సరమున నేనొక చిన్న గ్రామసంఘమునకు కాపరిగా నుంటిని. మాకు పెండ్లియై 7 సంవత్సరములు గడచెను, సంతానము లేదు. ఆ యేడు దేవుడు మా మొర వినెను. మూడవ నెలలో స్కానింగు తీసిన డాక్టరమ్మ తెరవైపు వ్రేలు చూపి, "ఇద్దరున్నారు" అనెను. నా భార్య నవ్వెను, వెంటనే కన్నీరు పెట్టుకొనెను. నేను నోటితో స్తోత్రము చెప్పుచునే మనస్సులో లెక్కలు వేయుచుంటిని: రెండు ఊయెలలు, రెండింతల పాలు, రెండింతల ఆసుపత్రి ఖర్చు, నాకు వచ్చు జీతము. సిగ్గుపడి చెప్పుచున్న మాట ఇది. ఏడేండ్లు అడిగినవాడు అడిగినదానికంటె ఎక్కువ దొరకగానే భయపడెను.

ఊరిలో అందరికి వేడుకయే. "జంట అరటిపండు తిన్నావా ఏంటమ్మా?" అని ఆడవారు ఆమెను ఆటపట్టించిరి. "ఇద్దరిలో ఒక్కడైనా మగపిల్లాడు ఉంటాడులెండి" అని నన్ను ఓదార్చినవారును కలరు, వారు విశ్వాసులే. గర్భములోనిది ఆడయో మగయో తెలిసికొనుట మన దేశములో 1994లో చేసిన చట్టముచేత నిషేధము. చట్టము లేకపోయినను అది అడుగదగిన ప్రశ్న కాదు.

తండ్రి కాబోవువాని భయమునకు మన యిండ్లలో చోటు లేదు. తల్లి భయపడినయెడల చుట్టును నలుగురు చేరి చేయి పట్టుకొందురు. తండ్రి భయపడినయెడల "మగాడివి, నీకేంటి?" అందురు. కాబట్టి ఒకడు దానిని పొలములో దాచుకొనును, ఒకడు కల్లుపాకలో దాచుకొనును. నేను దానిని ప్రార్థనలో దాచుకొంటిని. ఇది ఎంత భక్తిగా కనబడునో చూడుడి.

ఏడవ నెలలో మా అత్తగారు వచ్చి ఆచారము చొప్పున ఆమెను పుట్టింటికి తీసికొనిపోయిరి. తొలి కానుపు పుట్టింటివారిది గదా. వారి ఊరికి పోవలెనన్న రెండు బస్సులు మారవలెను. "తొమ్మిదో నెల రాగానే కబురు చేస్తాం అల్లుడుగారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అనిరి. నేను నిశ్చింతగానే యుంటిని. నిజము చెప్పవలెనన్న, బరువు దిగినట్లు తేలికపడితిని.

ప్రతి రాత్రి ఫోనులో మాటలాడుకొనువారము. ఒక గురువారము రాత్రి ఆమె గొంతు వేరుగా నుండెను. "ఏమండీ, కాళ్లకి బాగా నీరొచ్చింది. చేతిగాజులు కూడా బిగుసుకుపోయాయి. లోపల ఇద్దరూ ఒకటే కుమ్ములాట. ఒక్కోసారి ఒకళ్లు అస్సలు కదలట్లేదేమో అనిపిస్తుంది. ఎందుకిలా అవుతుందండీ?" అని అడిగెను.

"ఇద్దరు కదా, అలాగే ఉంటుంది. ప్రార్థన చేసుకో. నేనూ చేస్తాను" అంటిని.

నేనబద్ధమాడలేదు. ఫోను పెట్టి మోకాళ్లూని అరగంట ప్రార్థించితిని. తరువాత మంచి నిద్ర పట్టెను.

ఆదివారమున ఇస్సాకు ప్రార్థనను గూర్చి ప్రసంగించితిని. 20 సంవత్సరములు విసుగని విశ్వాసము అని చెప్పితిని. బాగుగా చెప్పితిననియే అనుకొంటిని. అందరు వెళ్లిన తరువాత ఒక ముసలమ్మ గుమ్మమునొద్ద నిలిచియుండెను. ఆమెకు చదువు రాదు. కూలిపని చేసికొనుచు ఐదుగురిని కనినది, ఇద్దరిని చేతులార మట్టిచేసినది.

"అయ్యగారూ, ఒక్క మాట అడుగుతానండి. పిల్లలు కావాలని ఆయన ప్రార్థన చేశాడన్నారు, బాగుంది. మరి లోపల పిల్లలు కుమ్ములాడుకుంటుంటే, నాకెందుకిట్లా అయిందని దేవుణ్ణి అడగడానికి ఆ తల్లి ఒక్కతే పోయిందా? అప్పుడాయన ఎక్కడున్నాడండీ?"

నేను గ్రంథము తెరచి చూచితిని. 21వ వచనములో ఇస్సాకు ప్రార్థించెను, దేవుడు వినెను, ఆమె గర్భవతి యాయెను. 22వ వచనములో బాధ ఆమెది, ప్రశ్న ఆమెది, వెళ్లినది ఆమె. ఇస్సాకు పేరు లేదు. మరల అతని మాట వచ్చునది పిల్లలు పుట్టిన తరువాత, అతని వయస్సు చెప్పునప్పుడే. ఈ అధ్యాయము ఎన్నిమారులు చదివితినో! ఒక్కనాడును నా కన్ను అక్కడ ఆగలేదు.

"అది రాయబడలేదమ్మా" అంటిని.

"పోతే రాసేవాళ్లు కదండీ" అని, చెప్పులు తొడుగుకొనుచు, "మా అమ్మగారెట్లా ఉన్నారు?" అని అడిగి వెళ్లిపోయెను.

ప్రియులారా, వాక్యము మౌనముగానున్నచోట ఇస్సాకుమీద నేరము మోపుట నాకు తగదు. ఒకవేళ అతడు గుడారపు ద్వారమునొద్ద కూర్చుండి యేడ్చియుండవచ్చును. ఒకవేళ ఆమెతోకూడ సగము దూరము నడచియుండవచ్చును. ఇస్సాకు ఎక్కడ నుండెనో నాకు తెలియదు గాని, నేనెక్కడ నుంటినో నాకు తెలియును.

కానుపు ఆడవారి సంగతి, మగవానికి అక్కడ పనిలేదు అను మాట బహు పాతది. అది ప్రాణములు తీసిన మాట. వేలూరు ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డరు అమ్మగారి చరిత్ర మీలో ననేకులు వినియుందురు. 19వ శతాబ్దపు చివరి దినములలో ఆమె ఇంకను వైద్యము నేర్వని యువతియై, దిండివనములో నున్న తల్లిదండ్రులయొద్దకు వచ్చియుండెను. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు ఆ యింటికి వచ్చి, తమ భార్యలు ప్రసవవేదనలో చావుబ్రదుకులలో నున్నారు, మీరు రావలెనని ఆమెను బతిమాలిరి. "నా తండ్రి వైద్యుడు, ఆయన వచ్చును" అని ఆమె చెప్పగా, పరపురుషుడు మా ఆడవారిని చూడరాదని ముగ్గురును వెనుకకు తిరిగిపోయిరి. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ రాత్రియే ఐడా అమ్మగారి జీవితమును త్రిప్పినది. ఆమె అమెరికాకు పోయి 1899లో వైద్యవిద్య ముగించి, 1900లో తిరిగివచ్చి, 1918లో వేలూరులో స్త్రీలకు వైద్యపాఠశాల ప్రారంభించెను.

ఈ కథ చెప్పునప్పుడు మనమెల్లప్పుడు ఆ యువతిని గూర్చియే చెప్పుదుము. ఆ ఆదివారము నేను ఆ ముగ్గురు భర్తలను తలంచితిని. వారు భార్యలను ప్రేమింపనివారు కారు. ప్రేమింపనివారైతే అర్ధరాత్రి వెదకికొనుచు రారు. గుమ్మమువరకు వచ్చిరి. ఆచారము వారిని అక్కడ ఆపివేసెను. నేను గుమ్మమువరకైనను పోలేదు.

సాయంకాలపు కూడికను సంఘపెద్దకు అప్పగించి మధ్యాహ్నపు బస్సెక్కితిని. చేరునప్పటికి రాత్రి తొమ్మిది గంటలాయెను. నా భార్య ముఖము చూచి గుర్తుపట్టలేకపోయితిని. కండ్లక్రింద అంతయు నీరు. రెండు దినములనుండి తలనొప్పియట, కండ్లముందు మసకలట. ఎందుకు చెప్పలేదంటిని. "చెప్తే మీరు ప్రార్థన చేసుకోమంటారుగా" అనెను. ఆమె కోపముతో అనలేదు. ఉన్నమాట అనెను.

మా అత్తగారు తెల్లవారినాక చూతమనిరి. నేను 108కు ఫోను చేసితిని. జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపోటు చూచి, "ఇంకా ఇంట్లో ఉంచితే ఫిట్స్ రావచ్చు. తల్లికీ ప్రమాదమే, పిల్లలకీ ప్రమాదమే" అని వెంటనే చేర్చుకొనెను. అప్పటికి 33 వారములు. పిల్లల ఊపిరితిత్తులు త్వరగా బలపడుటకు తల్లికి ఇంజెక్షన్లు ఇచ్చిరి.

ఆ రాత్రి మంచమునొద్ద నేను క్రింద కూర్చుంటిని. "ఎందుకండీ నాకిలా?" అని ఆమె మరల అడిగెను. నా నోట ఆ పాత జవాబే వచ్చినది గాని మ్రింగివేసితిని. "నాకు తెలియదు. నాకూ భయంగానే ఉంది" అంటిని. ఎనిమిది నెలలలో ఆమెతో నేను చెప్పిన మొదటి నిజము అదియే. ఆమె నా తలమీద చేయి వేసెను. అప్పుడు ఇద్దరమును కలిసి దేవుని అడిగితిమి. ఉదయమున ఇద్దరమును కలిసి డాక్టరమ్మను అడిగితిమి.

రిబ్కా ప్రశ్నకు ప్రభువిచ్చిన జవాబు చూడుడి. అట్లు అడుగరాదని ఆయన గద్దింపలేదు. నీ బాధ తీసివేసెదననియు చెప్పలేదు. నీలో ఇద్దరున్నారని చెప్పెను. ఆ దినములలో స్కానింగు లేదు. తాను మోయుచున్నది ఒకరిని కాదు, ఇద్దరిననియు, వారు రెండు జనములగుదురనియు ఆమెకు తెలిసినది ఆ ప్రశ్న అడిగినందుననే. అడుగక ఇంట కూర్చున్నయెడల ఆ వాగ్దానమును ఆమె వినకయే కనియుండును. ఆమె పొందిన ఆ జవాబు ఇస్సాకునకు తెలిసెనో లేదో గ్రంథము చెప్పదు. ముసలివాడై కన్నులు మందగించిన దినమున అతడు పెద్దవానినే దీవింపబోవుట చూడగా, ఆ భార్యాభర్తలు ఈ సంగతిని ఎన్నడును కూర్చుండి మాటలాడుకొనలేదేమో అని నాకు తోచుచున్నది. తనతో రానివానికి విన్నది ఎట్లు చెప్పవలెను?

పెండ్లియైన సహోదరులారా, నేను ఆసుపత్రిలో నేర్చుకొన్నవి కొన్ని నిర్మొగమాటముగా చెప్పెదను. కవలలు తొమ్మిది నెలలు నిండువరకు ఆగుదురని లెక్కవేసికొనకుడి. సగముకంటె ఎక్కువమంది 37 వారములు నిండకమునుపే పుట్టుదురు. కాబట్టి "తొమ్మిదో నెలలో వస్తాను" అను మాట కవలల తండ్రికి పనికిరాదు. ఇద్దరికి మాయ ఒకటియా రెండా అనునది మొదటి నెలల స్కానింగులోనే చూడవలెను. ఒకే మాయ యైనయెడల ఇంకను తరచుగా చూపించవలెను. రక్తము తగ్గుట, రక్తపోటు పెరుగుట కవలల తల్లికి ఎక్కువ. ముఖమునకు చేతులకు నీరు వచ్చుట, తగ్గని తలనొప్పి, కండ్లు మసకలగుట, రక్తము గాని నీరు గాని పోవుట, బిడ్డ కదలిక తగ్గుట, ఇవి ఎంతమాత్రము తెల్లవారువరకు ఆగవలసినవి కావు. ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రతి నెల 9వ తేదీన గర్భిణులను ఉచితముగా పరీక్షించు ఏర్పాటు 2016నుండి కలదు. ఆ దినమున భార్యను ఆశా కార్యకర్తతో పంపి ఊరుకొనక, మీరును పొండు. అక్కడ మగవారు తక్కువగా కనబడుదురు. సిగ్గుపడకుడి. పుట్టింటికి పంపుట మంచిదే, తల్లి చేతి అన్నము మంచిదే. అయితే ఏ ఆసుపత్రి, ఏ బండి, రక్తము ఎవరిచ్చెదరు అనునవి తెలిసికొని పంపుడి.

మూడవ దినమున ఆపరేషను చేసిరి. మొదట పిల్లవాడు, నిమిషము తరువాత పిల్ల. వాడు 1 కిలో 900 గ్రాములు, ఆమె 1 కిలో 600 గ్రాములు. మా అత్తగారు వరండాలో కూర్చుండి, "ఎనిమిదో నెల పిల్లలు నిలవరంటారు బాబూ" అని కొంగు నోటిలో కుక్కుకొనిరి. డాక్టరమ్మ ఆమె ప్రక్కనే కూర్చుండి, "ఏడో నెల కంటే ఎనిమిదో నెల మేలమ్మా. కడుపులో గడిచిన ఒక్కో వారం బిడ్డకి బలమే. ఆ పాత మాట ఇంకెవరికీ చెప్పకండి" అనెను. ముసలమ్మ అడిగినందువలననే నా పిల్లలు బ్రదికిరని నేను చెప్పను. ఆమెయు అట్లు చెప్పుకొనలేదు. దేవుడు ఎవరి నోటిద్వారా ఎవరిని లేపునో ఆయన చిత్తము.

పిల్లలను కొన్ని దినములు వెచ్చని పెట్టెలో నుంచి, తరువాత కంగారూ పద్ధతికి మార్చిరి. 1978లో కొలంబియా దేశములోని బొగోటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, నెలలు నిండని పిల్లలకు పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్మునకే ఆనించి కట్టు ఈ పద్ధతిని మొదలుపెట్టెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, తక్కువ బరువుతో పుట్టిన ప్రతి బిడ్డకును దినమునకు 8 గంటలకు తక్కువ కాకుండ దీనిని చేయవలెనని సలహా యిచ్చెను. తల్లి యొక్కతె, పిల్లలు ఇద్దరు. నర్సమ్మ నా వైపు తిరిగి, "చొక్కా విప్పండి" అనెను.

నేను అటునిటు చూచితిని. "నేను సంఘకాపరిని, అమ్మా" అంటిని, అదేదో జవాబైనట్లు. "ఎవరైతే ఏంటండీ, ఒంటి వెచ్చదనం ఒకటే" అని ఆమె పిల్లను నా రొమ్మునకు ఆనించి గుడ్డతో కట్టెను. అరచేతికి కొంచెము పెద్దదిగా నుండెను. దాని గుండె నా గుండెకంటె రెండింతలు వేగముగా కొట్టుకొనుట నా చర్మమునకు తెలియుచుండెను. నేను మంచి ప్రార్థనాపరుడనని పేరు పొందినవాడను. ఆ గంటలో ఒక్క మాటయు రాలేదు.

నా భార్య ఎదురు మంచముమీద పిల్లవానిని కట్టుకొని ఆనుకొని కూర్చుండెను. అట్లు రెండు దినములు గడచెను. మూడవనాటి మధ్యాహ్నమున ఆమె మెల్లగా, "ఏమండీ, మీ పిల్ల నిద్రపోయిందా? నావాడు ఇప్పుడే పడుకున్నాడు" అనెను.

మీ పిల్ల, నావాడు. నాకు 28వ వచనము జ్ఞాపకమునకు వచ్చెను. ఏశావు తండ్రివాడు, యాకోబు తల్లివాడు. ఆ యింటి చీలిక వేట మాంసముతోనే మొదలైనదో, అంతకుముందు ఇట్టి చిన్న మాటతోనే మొదలైనదో ఎవరు చెప్పగలరు? ఆ సంగతి ఆమెతో చెప్పితిని. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "అయితే మార్చుకుందాం రండి" అనెను.

నర్సమ్మను పిలిచితిమి. ఆమె గొణుగుచునే ముడులు విప్పి, పిల్లను తల్లికి, పిల్లవానిని నాకు కట్టెను. చెల్లెలికంటె వాడు 300 గ్రాములే ఎక్కువ. అయినను నా చేతులకు ఎంతో బరువుగా తోచెను. ఆ దినము మొదలుకొని ఇంటికి వచ్చువరకు పూటకొకరిని మార్చుకొనుచుంటిమి.